మీ కాలనీలో రిపేరు మేళా పెట్టడం ఎలా? విశాఖ వాసుల కోసం సమగ్ర మార్గదర్శి

మూలకు చేరిన మిక్సీలు, తిరగని ఫ్యాన్లు, కర్ర ఊడిన గొడుగులు, జిప్పు పోయిన బ్యాగులు. ఇవన్నీ ఒక ఆదివారం ఒకచోటికి తెచ్చి బాగుచేయించుకునే మేళా ఎలా పెట్టాలని ఎంవీపీ కాలనీ నుంచి అడుగుతున్నారు, మధురవాడ అపార్ట్‌మెంట్ల నుంచి అడుగుతున్నారు, గాజువాక నుంచీ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పడం కంటే వరుసగా రాసి పెడితే నయమనిపించింది. అరవై నుంచి వంద ఇళ్లున్న అపార్ట్‌మెంటుకో, రెండు మూడు వీధుల కాలనీకో సరిపోయేలా రాస్తున్నాను.

మొదట ఒక మాట గట్టిగా చెప్పాలి. మేళా బాగా జరగడమూ జరగకపోవడమూ దాని ముందు వారంలోనే తేలిపోతుంది. ఏ వస్తువు వస్తోంది, దానికేం జబ్బు, ఏ విడిభాగం కావాలి అన్నది ముందే తెలిస్తే ఆదివారం పనులు వాటంతటవే నడుస్తాయి. తెలియకపోతే ఎంత మంచి మెకానిక్ వచ్చినా "ఈ పార్టు ఉంటే చేసేద్దును" అంటూ కూర్చుంటాడు. అందుకే ఇందులో సగానికి పైగా తయారీ గురించే ఉంటుంది.

## 1. తేదీ, చోటు

అక్టోబరు, నవంబరు నెలలు వదిలేయండి. తుఫాను హెచ్చరిక వస్తే షామియానా కూడా నిలవదు. మేలో ఉక్కపోతకు గంట కూడా కూర్చోలేరు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన ఊరికి మంచి కాలం. వాటిలోనూ భోగికి ముందు వచ్చే ఆదివారం అన్నిటికన్నా మేలు. కారణం పదో మెట్టులో చెబుతాను.

ఉదయం 9 నుంచి 1 వరకు పెట్టుకోండి. నాలుగు గంటలు చాలు. భోజనాల తర్వాత కూడా కొనసాగిద్దామనుకుంటే మనుషులు అలసిపోతారు, సోల్డరింగ్ పట్టిన చెయ్యి వణుకుతుంది.

చోటుకు సెల్లారు, కమ్యూనిటీ హాలు, జీవీఎంసీ (నగరపాలక సంస్థ) సామాజిక భవనం ఏదైనా సరే. చూసుకోవాల్సినవి:

- పైన కప్పు, నేల పొడిగా ఉండాలి. సెల్లారు అయితే ఆ పూట కార్లు బయట పెట్టించాలి.
- ఎర్తింగ్ సరిగా ఉన్న కరెంటు పాయింటు దగ్గరలో ఉండాలి.
- వెలుతురు బాగుండాలి. చిన్న స్క్రూలు కనబడని చోట పని సాగదు.
- పెద్దవాళ్లు మెట్లెక్కే పని లేకుండా చూడాలి. పాత వస్తువులు ఎక్కువగా తెచ్చేది వాళ్లే.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీకి ముందే ఒక మాట చెప్పండి. చివర్లో మిగిలే చెత్త ఏ బండికి ఎప్పుడు ఇవ్వాలో అప్పుడే తేలిపోతుంది.

## 2. పని తెలిసిన మనుషులు

వైజాగ్‌లో ఈ విషయంలో మనకు లోటు లేదు. స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు, డాక్‌యార్డుల్లో పనిచేసి రిటైరైన ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు దాదాపు ప్రతి కాలనీలోనూ ఉంటారు. కంచరపాలెం వైపు ఐటీఐ, పాలిటెక్నిక్‌లలో చదివే పిల్లలూ ఉత్సాహంగా వస్తారు. పెద్దాయన పక్కన ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టండి. పని రెట్టింపు సాగుతుంది, ఆ కుర్రాడికీ నాలుగు మెలకువలు తెలుస్తాయి.

వీళ్లతో పాటు మీ వీధిలో దుకాణం పెట్టుకున్న మిక్సీ మెకానిక్‌ని, చెప్పులు కుట్టే ఆయనను, సాన పట్టే ఆయనను, మిషను కుట్టే ఆవిడను తప్పకుండా పిలవండి. వాళ్లకు డబ్బులిచ్చే పిలవండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. జీతం, పెన్షన్ ఉన్నవాళ్లు సరదాగా ఉచితంగా చేయొచ్చు. రోజు గడవడానికి అదే పని చేసుకునే మనిషిని ఉచితంగా రమ్మనడం అన్యాయం. మనం ఉచితంగా చేసి పెడితే ఆయన గిరాకీకే గండి పడుతుంది. మామూలు ఆదివారం ఎంత వస్తుందో ఆయన్నే అడిగి, అంతకు తగ్గకుండా ముందే మాట్లాడుకోండి. ఆయన పేరు, దుకాణం ఎక్కడో రాసిన కాగితం ఆయన బల్ల ముందు అంటించండి. మేళాలో పూర్తికాని పనులు ఆ దుకాణానికే వెళ్తాయి.

ఒక మేళాకు ఈ మాత్రం మనుషులుంటే చాలు:

- ఎలక్ట్రికల్ పనికి ఇద్దరు
- కుట్టుపనికి ఇద్దరు, వీలైతే రెండు మిషన్లు
- చెక్క, ఇనుము, స్క్రూ పనులకు ఒకరు
- చెప్పులు, బ్యాగులు, గొడుగులకు ఒకరు
- కత్తులకు సాన పట్టే ఆయన (ఉంటే జనం వాళ్లంతట వాళ్లే వస్తారు)
- నమోదు బల్ల దగ్గర ఇద్దరు. ఓపిక ఉన్నవాళ్లనే పెట్టండి
- అటూ ఇటూ తిరిగి అందించడానికి ఇద్దరు పిల్లలు

ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవారు దొరికితే వేరుగా ఆరుబయట కూర్చోబెట్టండి. ఆ పొయ్యి, పొగ హాలులో పనికిరావు.

## 3. నమోదు: మేళాలో సగం పని ఇదే

పది రోజుల ముందు వాట్సాప్ గ్రూపులో సందేశం పెట్టండి. గేటు దగ్గరా, లిఫ్టులోనూ కాగితం అంటించండి. ప్రచారానికి ఇంతకంటే అక్కర్లేదు.

సందేశంలో "పాడైన వస్తువులు తీసుకురండి" అని మాత్రం రాయకండి. ఇంటికి ఒకటి లేదా రెండు వస్తువులు అని పరిమితి చెప్పండి. వస్తువు ఫోటో, వెనక అంటించి ఉండే కంపెనీ స్టిక్కరు ఫోటో పంపమనండి. మోడల్ నంబరూ వాట్లూ ఆ స్టిక్కరు మీదే ఉంటాయి.

ఫోటో వచ్చాక ఫోన్ చేసి ఈ నాలుగు ప్రశ్నలు అడగండి:

1. అసలు ఆన్ అవుతోందా? అయి ఆగిపోతోందా?
2. పాడవడానికి ముందు శబ్దం గానీ, వాసన గానీ, నిప్పురవ్వ గానీ వచ్చిందా?
3. కింద పడిందా, నీళ్లు తగిలాయా?
4. ఇంతకు ముందు ఎవరైనా విప్పారా?

"మాడు వాసన వచ్చి ఆగిపోయింది" అంటే మిక్సీ మోటారు వైండింగ్ (లోపలి రాగి తీగ చుట్టలు) కాలి ఉండొచ్చు. మేళాలో అయ్యే పని కాదు, ముందే చెప్పేస్తే వాళ్లకూ శ్రమ తప్పుతుంది. "తిరుగుతోంది గానీ జారు తిరగట్లేదు" అంటే కప్లరు (మోటారు మీద ఉండి జారును తిప్పే పళ్ల చక్రం) అరిగింది. పావుగంట పని. ఇలా ఫోన్‌లోనే సగం జబ్బులు తెలిసిపోతాయి.

అన్నీ ఒక పుస్తకంలో రాసుకోండి: వరుస నంబరు, పేరు, ఫ్లాటు, వస్తువు, జబ్బు, కావాల్సిన పార్టు, ఎవరి బల్ల. వచ్చే సమయం కూడా ఇచ్చేయండి. ఒక ఎలక్ట్రికల్ పనికి అరగంట వేసుకుంటే, ఇద్దరు కలిసి నాలుగు గంటల్లో పదహారు వస్తువులు చూడగలరు. పన్నెండు మాత్రమే తీసుకోండి. ముందు చెప్పకుండా తెచ్చేవాళ్లు ఉండనే ఉంటారు. "ఏటి బాబూ, ఇది పనికొస్తాదా రాదా?" అంటూ చీరకొంగులో చుట్టుకుని పాత టేబులు ఫ్యాను మోసుకొచ్చే మామ్మగారిని ఎవరూ వెనక్కి పంపలేరు. ఆ నాలుగు ఖాళీలూ వాళ్ల కోసం.

## 4. తీసుకోకూడనివి

దీని మీద మొహమాటం వద్దు. పేరున్న ఎలక్ట్రీషియన్ ఉన్నా సరే, ఇవి బల్ల మీదికి రానివ్వకండి:

- మైక్రోవేవ్ ఓవెన్. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి కెపాసిటరులో ప్రాణం తీసేంత వోల్టేజి మిగిలి ఉండొచ్చు.
- పాత డబ్బా టీవీలు. ఇదే ప్రమాదం, పైగా గాజు గొట్టం పేలే అవకాశం.
- ఉబ్బిన ఫోను, ల్యాప్‌టాప్, పవర్ బ్యాంకు బ్యాటరీలు.
- ఇన్వర్టరు బ్యాటరీలు. యాసిడ్ ఉంటుంది.
- గ్యాస్ రెగ్యులేటరు, గొట్టం, సిలిండరు వాల్వు. ఇవి గ్యాస్ ఏజెన్సీ వాళ్లే చూడాలి.
- ఫ్రిజ్, ఏసీ, స్టోరేజి గీజరు.
- వారంటీ ఇంకా ఉన్న ఏ వస్తువైనా. మనం విప్పితే వారంటీ పోవచ్చు.

వారంటీ ఉన్నవాళ్లకు ఒక దారి చెప్పండి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. చాలా కంపెనీల సర్వీసు వివరాలు అందులో ఒకేచోట దొరుకుతాయి.

## 5. పనిముట్లు, విడిభాగాలు

బుధవారం నాటికి పుస్తకం మూసేయండి. గురువారం మెకానిక్‌తో కూర్చుని పార్టుల జాబితా రాయించుకోండి. శుక్రవారం కొనేయండి. శనివారానికి ఏదీ మిగల్చొద్దు, ఒక పార్టు తప్పుగా వస్తే మార్చుకునే రోజు ఉండాలి. పార్టు కొనేటప్పుడు మోడల్ నంబరు ఒక్కటే నమ్ముకోకుండా పాతది ఫోటో చూపించండి. మార్చగలిగే షరతు మీదే కొనండి.

జాబితాలో లేకపోయినా ఎలాగూ ఖర్చయ్యే సరుకు:

- ఫ్యాను కెపాసిటర్లు, 2.5 మైక్రోఫారడ్‌వి నాలుగైదు
- ఫ్యాను బేరింగులు, 6201, 6202 సైజులు రెండేసి
- మిక్సీ కార్బన్ బ్రష్షులు (తిరిగే మోటారుకు కరెంటు అందించే ముక్కలు), కప్లర్లు, జారు వాషర్లు
- మూడు పిన్నుల ప్లగ్గులు, మూడు తీగల వైరు కొన్ని మీటర్లు
- కుక్కర్ హ్యాండిల్ స్క్రూలు
- స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు, నట్లు, వాషర్లు
- జిప్పులు, వాటి రన్నర్లు, గుండీలు, ఎలాస్టిక్, గట్టి నైలాన్ దారం

పనిముట్లు ఎక్కువ భాగం ఇళ్లలోనే ఉంటాయి. స్క్రూడ్రైవర్ల సెట్టు, కటింగ్ ప్లేయరు, నోస్ ప్లేయరు, టెస్టరు, మల్టీమీటరు (వోల్టేజి, ఓమ్స్ కొలిచే మీటరు) రెండు, సోల్డరింగ్ ఐరన్, సుత్తి, ఆకురాయి, గరుకు కాగితం, తుప్పు వదిలించే స్ప్రే. అరువు తెచ్చిన ప్రతి పనిముట్టుకూ రంగు టేపు చుట్టి యజమాని ఫ్లాటు నంబరు రాయండి. మేళా అయ్యాక గొడవలొచ్చేది పనిముట్ల దగ్గరే.

## 6. కరెంటు ఏర్పాటు

ఇక్కడ తొందర పనికిరాదు.

బల్లలకు వెళ్లే లైను 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ మీదుగానే వెళ్లాలి. ఎవరికైనా షాకు తగిలితే రెప్పపాటులో కరెంటు కట్టేసేది అదే. హాలులో లేకపోతే, ఆర్‌సీసీబీ బిగించిన బోర్డు ఒకటి ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. శనివారం సాయంత్రం టెస్టు బటన్ నొక్కి చూడండి. నొక్కగానే పడిపోవాలి.

6 ఆంపియర్ల సాకెట్టు మీద దాదాపు 1380 వాట్లకు మించి లోడు పెట్టకూడదు. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె ఒక్కటే 4.3 ఆంపియర్లు లాగుతుంది. దానితో పాటు మిక్సీ కూడా అదే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పరీక్షిస్తే వైరు వేడెక్కుతుంది. వేడిచేసే వస్తువులకు 16 ఆంపియర్ల పాయింటు వేరే ఉంచండి.

తర్వాత సిరీస్ బోర్డు. పాత ఎలక్ట్రీషియన్లందరికీ తెలిసిందే. ఫేజ్ తీగ మధ్యలో 100 వాట్ల ఫిలమెంటు బల్బు హోల్డరు వస్తుంది, దాని తర్వాత సాకెట్టు. న్యూట్రల్, ఎర్తు తీగలు నేరుగా సాకెట్టుకు వెళ్తాయి. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. అనుమానం ఉన్న వస్తువును నేరుగా కరెంటుకు పెట్టకుండా ముందు దీనికి పెట్టాలి. బల్బు ఏం చెబుతుందంటే:

- అసలు వెలగలేదు: లోపల ఎక్కడో తెగింది. వైరు, స్విచ్చు, ఫ్యూజు చూడండి.
- మందంగా వెలిగింది: సర్క్యూట్ పూర్తవుతోంది. ఫ్యాను లాంటి చిన్న లోడ్లకు ఇలాగే ఉండాలి.
- పూర్తి కాంతితో వెలిగింది: షార్టు అయి ఉండొచ్చు. నేరుగా మాత్రం పెట్టొద్దు.

ఇస్త్రీ పెట్టె, కెటిల్ లాంటివి బాగున్నా బల్బు దాదాపు పూర్తిగానే వెలుగుతుంది. వాటికి మల్టీమీటరు వాడాలి. ప్లగ్గు తీసి ఉండగా, ఎర్తు పిన్ను కాకుండా మిగతా రెండు పిన్నుల మధ్య 750 వాట్ల ఇస్త్రీ పెట్టెకు 70 ఓమ్స్ దగ్గర, 1000 వాట్లదానికి 53 దగ్గర చూపిస్తే ఎలిమెంటు బాగున్నట్టే. నాబ్ ఆన్‌లో ఉంచి కొలవాలి.

బాగయిన ప్రతి వస్తువునూ యజమానికి ఇచ్చే ముందు ఇంకొక పరీక్ష ఉంది. ఎర్తు పిన్నుకూ లోహపు బాడీకీ మధ్య దాదాపు సున్నా ఓమ్స్ రావాలి. మిగతా రెండు పిన్నులకూ బాడీకీ మధ్య ఏ మాత్రం కంటిన్యూటీ (కరెంటు పారే దారి) రాకూడదు. వస్తే ఆ వస్తువు ఇవ్వొద్దు, ఎంత బతిమాలినా సరే.

## 7. ఆ రోజు వరుస

గుమ్మం దగ్గర నమోదు బల్ల. వస్తువుకు నంబరు చీటీ కట్టాలి, అదే నంబరు చీటీ యజమాని చేతికివ్వాలి. "రిపేరు వికటిస్తే వస్తువు ఇంకా పాడవచ్చు, దానికి మేం బాధ్యులం కాము" అన్న వాక్యం మీద సంతకం తీసుకోండి. పెద్దవాళ్లకు చదివి వినిపించండి.

యజమాని వస్తువు వదిలేసి వెళ్లకూడదు. మెకానిక్ పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టాలి. 2009లో అమ్‌స్టర్‌డామ్‌లో మొదలై అనేక దేశాలకు పాకిన, ఇలాంటి మేళాలే అయిన రిపేర్ కేఫ్‌లలోనూ ఇదే పద్ధతి. పక్కన ఉంటే స్క్రూ పట్టుకోవడమైనా చేస్తారు, వస్తువు ఎందుకు పాడైందో కళ్లారా చూస్తారు. ఇంటికెళ్లాక మిక్సీ జారులో గట్టి పసుపు కొమ్ములు వేసే ముందు ఆలోచిస్తారు.

పని మొదలుపెట్టే ముందు ప్రతి మెకానిక్ చేయాల్సినవి:

- ప్లగ్గు తీసి ఉందో లేదో చూడాలి, ప్లగ్గు కంటికి ఎదురుగా బల్ల మీదే ఉంచాలి
- విప్పే ముందు ఒక ఫోటో, విప్పాక ఒక ఫోటో
- స్క్రూలు పాత స్టీలు మూతలో వేసి పక్కన పెట్టాలి
- పార్టు మార్చాలంటే ధర చెప్పి, యజమాని సరేనన్నాకే మార్చాలి

బల్లల దగ్గర పిల్లలు మూగకుండా తాడు కట్టండి. ఫస్ట్ ఎయిడ్ పెట్టె, ఒక బకెట్ ఇసుక, మెయిన్ స్విచ్చు దగ్గర ఒక మనిషి ఉండాలి.

## 8. ఎక్కువగా వచ్చే రిపేర్లు

మిక్సీ కప్లరు. మోటారు తిరుగుతూ జారు తిరగకపోతే జారును ఎత్తి చూడండి. అడుగున నల్లని పళ్ల చక్రం అరిగి ఉంటుంది. తీయడంలోనే చాలామంది పొరపడతారు. మామూలు స్క్రూలా ఎడమకు తిప్పి తిప్పి విరగ్గొడతారు. కప్లరు ఎటు తిప్పితే ఊడుతుందన్నది మోటారు తిరిగే దిశను బట్టి ఉంటుంది. మోటారు తిరిగే దిశలోనే కప్లరును తిప్పాలి. పని చేస్తున్నప్పుడు బిగుసుకునేలా మరలు అలా పెడతారు. మోటారు కడ్డీ కదలకుండా అడుగు మూత తీసి కింద ఉన్న గాడిలో స్క్రూడ్రైవరు పెట్టి పట్టుకోండి, పైన కప్లరును గుడ్డతో పట్టి తిప్పండి. కొత్తది చేత్తో బిగిస్తే చాలు, మిగతా బిగింపు మోటారే చూసుకుంటుంది.

మిక్సీ అసలు తిరగకపోతే ముందు అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కండి. ఎక్కువ లోడు పడితే అది బయటికి వస్తుంది. నొక్కగానే తిరిగితే రిపేరేమీ లేదు. కార్బన్ బ్రష్షులు మారిస్తే రెండూ కలిపే మార్చాలి.

సీలింగ్ ఫ్యాను. నెమ్మదిగా తిరిగితే, చేత్తో తోస్తే తప్ప కదలకపోతే చాలావరకు కెపాసిటరే. పాతది తాకే ముందు దాని తీగలకు ఫిలమెంటు బల్బు పెట్టిన హోల్డరు తీగలు ఆనించి చార్జి దింపండి. అదే విలువ ఉన్నది వేయండి, పెద్దది వేస్తే స్పీడు పెరుగుతుందని వేస్తే మోటారు వేడెక్కుతుంది. గరగర శబ్దమైతే బేరింగు. ఫ్యానును ఇంటి నుంచి దించి తెమ్మనండి, కాలనీ మొత్తం నిచ్చెనలు ఎక్కే పని పెట్టుకోవద్దు.

ఇస్త్రీ పెట్టె. పది వస్తే ఎక్కువవాటికి వైరు లోపలికి వెళ్లే మెడ దగ్గర తెగి ఉంటుంది. తెగినచోట టేపు చుట్టడం వద్దు. అక్కడి వరకు కోసేసి, మిగిలిన వైరును మళ్లీ స్క్రూల కిందే బిగించాలి.

కుక్కరు. హ్యాండిలు, గాస్కెటు మార్చొచ్చు. సేఫ్టీ వాల్వు మాత్రం అదే కంపెనీది వేయాలి. దాని బదులు ఇంకేదో పెట్టి బిగించమని ఎవరైనా అడిగితే కుక్కరు వెనక్కిచ్చేయండి.

తుప్పు. లాసన్స్ బే, పెదవాల్తేరు, భీమిలి రోడ్డు వైపు ఉన్నవాళ్లకు ఇది రోజూ ఉండే బాధే. ఉప్పుగాలికి స్టూళ్లు, గేటు గొళ్లేలు, సైకిళ్లు రెండు వానాకాలాలకే ఎర్రబడతాయి. ఊడని స్క్రూ మీద బలం చూపకండి, తల అరిగిపోతుంది. స్ప్రే కొట్టి పావుగంట ఆగండి, సుత్తితో మెల్లగా నాలుగు దెబ్బలు కొట్టండి, ముందు కొంచెం బిగించే వైపు కదిపి తర్వాత విప్పండి. కొత్తగా వేసేది స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూ అయితే మళ్లీ ఈ తిప్పలుండవు. తుప్పు పట్టిన ఇనుమును గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, తడిగుడ్డతో తుడిచి బాగా ఆరనిచ్చి, రెడ్ ఆక్సైడ్ ప్రైమరు, దాని మీద రెండు పూతలు ఎనామిల్ పెయింటు వేయాలి. తుప్పు మీదే పెయింటు వేస్తే ఏడాదిలో పొరలు లేస్తుంది. వెల్డింగ్ అవసరమైనవి మేళాలో ముట్టుకోవద్దు, అన్నీ కలిపి ఒక ఆటోలో ఆటోనగర్ పంపండి.

## 9. కుట్టుబల్ల

జిప్పు పాడైందని తెచ్చే బ్యాగుల్లో చాలావాటికి జిప్పు బాగానే ఉంటుంది, రన్నరే వదులైపోతుంది. నోస్ ప్లేయరుతో రన్నరు రెండు పక్కలా కొద్దిగా నొక్కి చూడండి. అప్పటికీ పట్టకపోతే రన్నరు మార్చండి.

మిగిలిన సమయంలో పాత దుప్పట్లు, ప్యాంట్లతో రైతు బజారు సంచులు కుట్టించండి. కొలతలు ఇవీ: గుడ్డ 44 సెంటీమీటర్ల వెడల్పు, 98 పొడవు. రెండు పట్టీలు, ఒక్కోటి 60 పొడవు, 10 వెడల్పు.

1. పొడవు రెండు చివర్లూ 4 సెంటీమీటర్లు మడిచి కుట్టండి. ఇది సంచి మూతి.
2. పట్టీని నాలుగు మడతలు చేసి రెండు అంచులా కుట్టండి.
3. పట్టీ చివర మూతికి 8 సెంటీమీటర్ల కింద నుంచి మొదలుపెట్టి, చతురస్రంగా కుట్టి దాని మధ్యలో ఇంటూ గుర్తులా కుట్టు వేయండి. సంచి తెగేది ఇక్కడే, ఈ కుట్టు మానొద్దు.
4. గుడ్డను సగానికి మడిచి మంచివైపు పైకి ఉంచి పక్కలు సన్నగా కుట్టండి. తిరగేసి మళ్లీ కుట్టండి. దారాలు లోపల దాగుతాయి.
5. ఐదు కిలోల బియ్యం వేసి పది నిమిషాలు కొక్కేనికి తగిలించి చూడండి.

పాత నేత చీరలు వస్తే సంచులకు కోయకండి. నాలుగైదు పొరలు వేసి బొంత కుట్టగలిగే అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. ఆ బల్ల వాళ్లకు అప్పజెప్పి, పక్కన పిల్లల్ని కూర్చోబెట్టండి.

## 10. మార్పిడి బల్ల, భోగి సంగతి

బాగానే ఉండి, ఇంట్లో అక్కర్లేనివి ఈ బల్ల మీద పెట్టాలి: బొమ్మలు, పుస్తకాలు, స్టీలు డబ్బాలు, చిన్నదైపోయిన స్కూలు బూట్లు. ఎవరికి కావాల్సినవి వాళ్లు తీసుకెళ్తారు. ఉతికినవి, తుడిచినవే తీసుకోండి. వాడేసిన లోదుస్తులు, చిరిగిన పరుపులు, గడువు దాటిన మందులు వద్దని ముందే చెప్పండి. పాఠ్యపుస్తకాలకు మాత్రం ఇంకో చిన్న బల్ల ఏప్రిల్ చివర్లో, పరీక్షలయ్యాక పెట్టుకోవాలి.

ఇక భోగి. పండక్కి ముందు ఇల్లంతా దులిపి, పాత సామాను తీసి మంటలో వేయడం మనకు అలవాటు. కర్ర, గడ్డి, పిడకలు వేసిన మంట వేరు. ఇప్పుడు అందులో ప్లాస్టిక్ కుర్చీలు, రెక్సిన్ సీట్లు, ఫోమ్, టైర్లు కూడా పడుతున్నాయి. తెల్లవారుజామున ఆ పొగ పీల్చేది మంట చుట్టూ నిలబడ్డ పిల్లలే. అదే ఇంటి దులపరింపులో బాగుచేస్తే పదేళ్లు పనికొచ్చే నవారు మంచం, వైరు కుర్చీ కూడా బయటికొస్తాయి. మేళా ఆ ఆదివారం పెడితే అవి మంటకన్నా ముందు మన బల్ల మీదికి వస్తాయి. కుర్చీ చట్రం గట్టిగా ఉంటే వైరు మళ్లీ అల్లించొచ్చు. గేటు దగ్గర కాగితంలో ఈ మాట పెద్ద అక్షరాలతో రాయండి: భోగి మంటలో వేసే ముందు మేళాలో చూపించండి.

## 11. బాగవనివి ఎక్కడికి?

ఎంత బాగా చేసినా కొన్ని బాగవవు. అవి మెట్ల కింద పడి ఉండకూడదు, విడగొట్టకుండా కాపులుప్పాడ డంపింగ్ యార్డుకు పోకూడదు. మధ్యాహ్నం ఒంటిగంటకు నాలుగు డబ్బాలు సిద్ధంగా ఉంచండి.

పనికొచ్చే పార్టులు. పోయిన మిక్సీలోంచి స్విచ్చు, వైరు, రబ్బరు కాళ్లు తీసి దాచండి. వచ్చే మేళాకు పెట్టుబడి అవే.

ఇనుము, అల్యూమినియం, రాగి, అట్ట. పాత సామాన్ల దుకాణానికి. వచ్చిన డబ్బు మేళా ఖాతాలో వేయండి. వైర్ల మీది ప్లాస్టిక్ కాల్చి రాగి తీయడం మాత్రం ఎవరినీ చేయనివ్వకండి, ఆ పొగ విషం.

ఈ-వ్యర్థాలు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం ఇవి కాలుష్య నియంత్రణ మండలిలో నమోదైన రీసైక్లరుకే చేరాలి. ఎక్కడికి ఇవ్వాలో వార్డు సచివాలయంలో ముందే కనుక్కోండి.

ప్రమాదకరమైనవి. బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు, సీఎఫ్‌ఎల్ బల్బులు. ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది, పగలకుండా అట్టపెట్టెలో నిలబెట్టండి. బ్యాటరీల కొనలకు టేపు వేయండి.

## 12. తరచూ జరిగే తప్పులు

అందరూ 9 గంటలకే వచ్చేస్తారు. సమయం వేసిన చీటీలు ఇవ్వనందువల్ల. అప్పటికప్పుడైతే కుట్టుబల్ల, సాన బల్ల వైపు పంపండి, ఎలక్ట్రికల్ వాళ్లకు టోకెన్ ఇచ్చి ఫోన్ చేస్తామని చెప్పండి.

ఒకే వస్తువు మీద గంట గడిచిపోతుంది. మెకానిక్‌కి పంతం వస్తుంది, అది సహజం. నలభై నిమిషాలు దాటితే నమోదు బల్ల నుంచి ఒకరు వెళ్లి గుర్తు చేయాలి. ఆ వస్తువు దుకాణానికి పంపాలి.

విప్పిన వస్తువు తిరిగి బిగించే వీలు లేదు. ఫోటో తీయనందువల్ల. స్క్రూల మూతతో సహా సంచిలో వేసి, లోపల చీటీ పెట్టండి.

డబ్బు దగ్గర మాటలు. పార్టు ఖర్చు యజమానిది, కూలి మేళా ఖాతాది అని గోడ మీద రాయండి. విరాళాల డబ్బా ఒకటి పెట్టండి, ఎవరినీ అడగొద్దు. లెక్క అదే సాయంత్రం గ్రూపులో పెట్టేయండి.

ఇంటికెళ్లాక మళ్లీ ఆగిపోయింది. అలాంటివి ఉంటాయి. వాళ్ల పేర్లు వచ్చే మేళా పుస్తకంలో మొదటి పేజీలో రాయండి.

## 13. తర్వాతి వారం

సోమవారం పుస్తకం ముందు పెట్టుకుని ప్రతి వస్తువుకూ ఎదురుగా మూడింటిలో ఒకటి రాయండి: బాగయింది, దుకాణానికి వెళ్లింది, బాగవలేదు. "బాగవలేదు" అన్నవాటికి కారణం కూడా రాయాలి. పార్టు దొరకలేదా, పని తెలిసిన మనిషి లేడా, వస్తువే అయిపోయిందా? మొదటి రెండూ మీ చేతిలో ఉన్నవే, వచ్చేసారి జాబితా వాటి నుంచే మొదలవుతుంది.

దుకాణానికి వెళ్లినవి శనివారంలోగా ఇళ్లకు చేరాయో లేదో ఒకరు ఫోన్ చేసి కనుక్కోవాలి. అరువు పనిముట్లు మంగళవారానికి తిరిగి ఇచ్చేయాలి. పనిచేసిన మెకానిక్‌కి డబ్బు మేళా రోజు సాయంత్రమే అందాలి, సోమవారానికి కూడా వాయిదా వేయొద్దు.

మళ్లీ మూడు నెలల తర్వాత ఒక ఆదివారం ఎంచుకుని, ఆ తేదీ ఇప్పుడే గేటు దగ్గర బోర్డు మీద రాసేయండి.